పాత బాయిలరు - కొత్త థర్మోస్టాటు

బాయిలరు అనగానే మన తెలుగునాట పెరటిలో స్నానపు నీళ్లు కాచుకొను రాగి బాయిలరు స్ఫురించును. శీతల దేశములందు ఆ పేరు ఇల్లంతటిని వెచ్చగా నుంచు యంత్రమునకు చెల్లును. అమెరికా ఈశాన్య రాష్ట్రములగు న్యూజెర్సీ, న్యూయార్కు, మసాచుసెట్సులలోని పాత ఇండ్ల నేలమాళిగలలో ఇట్టి బాయిలర్లు నేటికిని పనిచేయుచున్నవి. గ్యాసునో నూనెనో మండించి, వేడినీటిని గాని ఆవిరిని గాని గదులలోని పోత ఇనుప రేడియేటర్లకు పంపుట వీని పని. ఆ ప్రాంతములందు మన తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడినవి. పాత ఇల్లు కొన్నవారిలో కొందరు గోడమీది పాత థర్మోస్టాటును తీసివేసి, సెల్‌ఫోనుతో నడుపదగిన కొత్తదానిని అమర్చుకొనదలతురు. చూచుటకు ఇది స్వల్పమైన పని. అయినను అందలి కీలకము తెలియక చేసినచో, నడి శీతకాలమున ఇల్లు చల్లబడిపోవచ్చును. ఆ కీలకమును వివరించుటయే మా ఉద్దేశము.

థర్మోస్టాటు వేడిని పుట్టించునది కాదు. అది ఉష్ణమును బట్టి తనంతట తాను పనిచేయు ఒక స్విచ్చి మాత్రమే. అమెరికాలో వారెన్ జాన్సన్ విద్యుత్ థర్మోస్టాటునకు 1883లో పేటెంటు పొందెను. 1885లో మినియాపొలిస్ నగరమున ఆల్బర్ట్ బుట్జ్ బొగ్గు కొలిమి గాలితలుపును తనంతట తెరచి మూయు సాధనమును కల్పించెను. 1953లో హనీవెల్ సంస్థ గుండ్రని థర్మోస్టాటును విక్రయమునకు తెచ్చెను. అందులో వేర్వేరుగ వ్యాకోచించు రెండు లోహములను కలిపి చుట్టిన చుట్ట, దానిపై పాదరసము గల చిన్న గాజుబుడ్డి ఉండును. గది చల్లబడగా చుట్ట కదలి బుడ్డి ఒరుగును, పాదరసము ఒక ప్రక్కకు జారి రెండు తీగలను కలుపును, బాయిలరు వెలుగును. ఈ పనికి దానికి ప్రత్యేకముగ విద్యుత్తు అక్కరలేదు. కావుననే పాత ఇండ్లలో బాయిలరు నుండి గోడకు రెండు తీగలు మాత్రమే వేసిరి.

ఆ రెండు తీగలకు ఆర్, డబ్ల్యు అని పేర్లు. బాయిలరు వద్దనున్న ట్రాన్స్‌ఫార్మరు ఇంటి విద్యుత్తును 24 వోల్టులకు తగ్గించును. దాని ఒక కొన నుండి వచ్చునది ఆర్. 'వేడి కావలెను' అను ఆజ్ఞను బాయిలరు రిలేకు తీసికొనిపోవునది డబ్ల్యు. ట్రాన్స్‌ఫార్మరు రెండవ కొన నుండి రాదగిన మూడవ తీగకు సి అని పేరు. కొత్త థర్మోస్టాటులో చిన్న కంప్యూటరు, కాంతిఫలకము, వై-ఫై రేడియో ఉన్నవి. ఇవి ఎల్లవేళల విద్యుత్తును కోరును. ఆర్, సి రెండును ఉన్నప్పుడే ఆ విద్యుత్తు నిరాటంకముగ అందును. పాత ఇంటి గోడలో సి లేకపోవుటయే చిక్కునకు మూలము.

సి లేకున్నను పనిచేయునని కొన్ని థర్మోస్టాట్ల పెట్టెలపై వ్రాసి ఉండును. అవి బాయిలరు ఆగియున్నప్పుడు రిలే చుట్ట గుండ కొద్దిపాటి విద్యుత్తును లాగుకొని, లోని బ్యాటరీని నింపుకొనును. ఇది మూసిన తూము సందులలోనుండి పొరుగు చేనికి తెలియకుండ చెంబెడు నీరు తోడుకొనుట వంటిది. రిలే సున్నితమైనదైనచో ఆ కొద్ది విద్యుత్తునకే టకటక కొట్టుకొనును. ఒక్కొక్కప్పుడు పిలువకయే బాయిలరు వెలుగును. వేరొక కష్టమును గలదు. బాయిలరు మండుచున్నంతసేపు ఆర్, డబ్ల్యులు కలిసియుండును గనుక, వాని నడుమ థర్మోస్టాటుకు దొరకు విద్యుత్తు మిక్కిలి తగ్గును. అతిశీతలమైన రాత్రి బాయిలరు గంటల తరబడి మండును. అనగా వేడి అత్యవసరమైన రాత్రియే బ్యాటరీ క్షీణించు ప్రమాదము హెచ్చు.

సంక్రాంతికి ఇల్లు తాళము వేసి స్వదేశమునకు వచ్చు కుటుంబములు ఈ విషయమును ముఖ్యముగ గమనింపవలెను. బ్యాటరీ ఆరిపోయినచో చేతిలోని సెల్‌ఫోను సంబంధము తెగినదని మాత్రమే తెలుపగలదు, బాయిలరును వెలిగింపజాలదు. నీరు మంచుగా మారునప్పుడు దాని పరిమాణము సుమారు నూటికి 9 పాళ్లు పెరుగును. గొట్టములు పగులును, మంచు కరగిన పిమ్మట ఇల్లు జలమయమగును.

దీనికి నివారణోపాయములు కలవు. మొదటిది, గోడలోని తొడుగులో వాడక మిగిలిన తీగ ఏదేని ఉన్నదేమో చూచుట. ఉన్నచో దానినే సి గా వాడవచ్చును. రెండవది, అయిదు తీగల కొత్త కేబులును వేయించుట, ఇదియే ఉత్తమము. మూడవది, గోడ ప్లగ్గునకు తగిలించు 24 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మరును థర్మోస్టాటుకు వేరుగ ఇచ్చి, బాయిలరు తీగలను మరియొక రిలే ద్వారా నడుపుట. ఈ పద్ధతిలో రెండు ట్రాన్స్‌ఫార్మర్ల విద్యుత్తులు ఎచ్చటను కలియరాదు. పాత బాయిలర్లపై రెండు టి గుర్తులు మాత్రమే కనబడుట కలదు. వానిలో ఒకదానిని సి అని యూహించి తీగ తగిలించినచో ట్రాన్స్‌ఫార్మరు చెడిపోవచ్చును. సి ఎచ్చట దొరకునో ఆ బాయిలరు పటము చూచియే నిర్ణయింపవలెను.

పని ప్రారంభింపకముందు బాయిలరు స్విచ్చిని, దాని బ్రేకరును ఆపవలెను. పాత తీగలు ఏ మరలకు తగిలియున్నవో ఫొటో తీసికొనవలెను. రంగును నమ్మరాదు, ఎఱ్ఱ తీగ ఆర్ కాకపోవచ్చును. గోడలోని తీగలు లావుగ ఉన్నచో అవి 120 లేక 240 వోల్టులవి కావచ్చును. వానికి 24 వోల్టుల థర్మోస్టాటును తగిలింపరాదు. ఇంగ్లండులోని పాత ఇండ్లలో బాయిలరును నడుపు తీగలలో సాధారణముగ 230 వోల్టులే ప్రవహించును. కావున అమెరికాలోని బంధువు చెప్పిన పద్ధతిని లండనులో అనుసరించుట ప్రాణాపాయము. సందేహమున్నచో అర్హతగల పనివానిని పిలువవలెను. బాయిలరుపై ఉష్ణమును, ఒత్తిడిని అదుపుచేయు రక్షణ సాధనములను ఎవ్వరును ముట్టరాదు. పాదరసపు థర్మోస్టాటును చెత్తబుట్టలో వేయక, ప్రమాదకర వ్యర్థములను స్వీకరించు చోట అప్పగింపవలెను.

తీగలు సరిపడిన పిమ్మట చేయవలసిన పని ఇంకొకటి కలదు. కొత్త థర్మోస్టాట్లు పెక్కింటికి గంటకు ఎన్ని మారులు బాయిలరును వెలిగింపవలెనో తెలుపవలసియుండును. పోత ఇనుప రేడియేటరు మెల్లగ వేడెక్కి మెల్లగ చల్లారును. సాధారణముగ వేడినీటి పద్ధతికి గంటకు 3 మారులు, ఆవిరి పద్ధతికి 1 మారు చాలును. గాలి కొలిమికి తగిన సంఖ్యనే ఉంచినచో బాయిలరు మాటిమాటికి వెలిగి ఆరుచు ఇంధనము వృథాయగును.

ఈ మార్పును చలి ముదిరిన పిమ్మట గాక శరత్కాలముననే చేసికొనుట మేలు. అమర్చిన తరువాత రెండు మూడు వారములు ఇంట ఉండి బ్యాటరీ బలమును, రిలే శబ్దమును గమనింపవలెను. ఏ లోపమును కనబడని పిమ్మటనే ఇంటికి తాళము వేసి దూరప్రయాణమునకు బయలుదేరవలెను.