టీ గిన్నె, కాఫీ ఫిల్టరు: ఇత్తడా? స్టీలా?

రోజూ టీ కాచే గిన్నె లోపలి భాగాన్ని ఈ మధ్య ఎప్పుడైనా వెలుతురులో పెట్టి చూశారా?

మన పాలకొల్లు చుట్టుపక్కల ఇత్తడి సామానంటే అజ్జరమే గుర్తొస్తుంది. ఇత్తడి ఫిల్టరైనా గిన్నె అయినా మంచిదే, లోపల కళాయి ఉన్నంతవరకు. ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి. కళాయి పోయినచోట డికాషన్ గానీ పాలు గానీ నిలవ ఉంటే రాగి వాటిలోకి దిగుతుంది. అది ఎక్కువైతే వాంతులు, కడుపునొప్పి వస్తాయి. లోపల పసుపురంగు తేలినా, పచ్చని చిలుము కనిపించినా మళ్లీ కళాయి వేయించేదాకా వాడవద్దు.

కళాయి అంటే తగరం పూత. తగరం 232 డిగ్రీల వేడికే కరిగిపోతుంది. అందుకే ఖాళీ గిన్నెను పొయ్యిమీద పెట్టకూడదు. ఇసుకతో, ఇనుప పీచుతో తోమకూడదు. డికాషన్‌ను రాత్రంతా ఇత్తడి ఫిల్టరులో ఉంచకూడదు. ఇంత జాగ్రత్త కుదరనివారు స్టీలువి కొనుక్కోవడమే మేలని మేము చెబుతాము.

ఏది కొన్నా అడుగు వెడల్పుగా, పిడి గట్టిగా, మూత బిగుతుగా ఉండాలి. పసిపిల్లలున్న ఇంట్లో పిడిని గోడవైపు తిప్పి ఉంచండి. వేడి టీ ఒంటిమీద ఒలికితే వెంటనే కాలినచోట 20 నిమిషాలు చల్లటి నీళ్లు ధారగా పోయండి. టూత్‌పేస్టు, సిరా పూయవద్దు. బొబ్బలు చిదమవద్దు. పసిబిడ్డయితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.