ఒత్తిడిని తట్టుకునే దేహం

పైలట్ శిక్షణలో గుండె దడ పుట్టడం పిరికితనం కాదు. ఆపదలో కార్టిసోల్ హార్మోన్ పెరగడం అల్లాహ్ మన దేహంలో ఉంచిన రక్షణ ఏర్పాటే. శత్రువుకు చిక్కితే ఎలా నిలదొక్కుకోవాలో అమెరికాలో పైలట్లకూ సైనికులకూ కఠిన శిక్షణ ఇస్తారు. అందులో పాల్గొన్న సైనికుల రక్తాన్ని చార్లెస్ మోర్గన్ బృందం పరీక్షించింది. న్యూరోపెప్టైడ్ వై ఎక్కువగా విడుదలైనవారు మనసు చెదరకుండా నిలిచారని 2000లో తెలిపింది. కార్టిసోల్‌తో పోలిస్తే డీహెచ్‌ఈఏ-ఎస్ ఎక్కువగా ఉన్నవారూ మెరుగ్గా రాణించారని 2004లో వెల్లడించింది.

అయినా ఒక్క రక్తపరీక్షతో ఏ విద్యార్థి ధైర్యాన్నీ తూచలేం. నిద్ర, సాధన, అండగా నిలిచే మనిషి ఓర్పును పెంచుతాయి. అందుకే దాతలను కోరుతున్నాం: మనం చదివించే పిల్లలకు ఫీజుతోపాటు నెలకో గంట మీ సమయమూ ఇవ్వండి, వారి కష్టం వినండి.