బంకు కింద ట్యాంకు

పెట్రోలు బంకులో మనకు కనిపించేది పంపు, గొట్టం, గిర్రున తిరిగే అంకెలు. సరుకంతా మన కాళ్ల కింద ఉంటుంది. 20 వేల లీటర్లు పట్టే ఉక్కు ట్యాంకును గోతిలోకి దించి, చుట్టూ ఇసుక నింపి, పైన కాంక్రీటు పోసేస్తారు. ఆ తర్వాత దాని ముఖం చూసేవాళ్లుండరు.

మోటారు కార్ల తొలి రోజుల్లో పెట్రోలును డబ్బాల్లో అమ్మేవారు. దాన్ని భూమిలో దాచాలన్న ఆలోచనకు నిప్పు భయమే ప్రధాన కారణం. ఆ భయం న్యాయమైనదే. కానీ నిప్పు నుంచి కాపాడే మట్టే ఉక్కును తినేస్తుంది, తీరప్రాంతపు ఉప్పు చెమ్మలో మరీ త్వరగా. చెన్నై లాంటి తీర నగరాల్లో కురిసే భారీ వానలతో ఇంకో చిక్కు. గోతిలో నీరు నిండితే ఖాళీ ట్యాంకును దాదాపు 20 టన్నుల బలంతో పైకి తోస్తుంది. కాంక్రీటు బరువు, పట్టీలు సరిగా లేకపోతే ట్యాంకు లేచి పైపుల అతుకులు ఊడతాయి.

కారుతోందని తెలిసేదెలా? డిప్ రాడ్ దించి మట్టం చూసి, అమ్మకంతో సరిచూస్తారు. ఇప్పుడు ఆటోమేటిక్ గేజ్‌లూ వచ్చాయి. అయితే పెట్రోలు వేడికి ఉబ్బుతుంది, ఆవిరవుతుంది. రోజుకు నాలుగు లీటర్లు తగ్గినా ఆ పద్దులోనే కలిసిపోవచ్చు. సెకనుకు ఒక్క చుక్క కారినా పోయేది అంతే. ఏడాదికి చూస్తే 1,500 లీటర్లు!

పెట్రోలు నీటికన్నా తేలిక కాబట్టి భూగర్భజలం మీద తెట్టులా తేలుతుంది. అందులోని బెంజీన్ మాత్రం కొంత నీటిలో కరుగుతుంది. అది క్యాన్సర్ కారకం. తాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. పెట్రోలులో ఒక శాతం దాకా బెంజీన్ ఉండొచ్చు. అంటే ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీన్ దాదాపు 8.8 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. 12 వేల లీటర్ల ట్యాంకర్ లారీలు 70కి పైమాటే.

ఉత్తర చెన్నైలోని తండయార్‌పేటకు ఈ సంగతి 2013లో అనుభవంలోకి వచ్చింది. ఇళ్ల బోర్లలో నీటితో పాటు చమురు వచ్చింది. అక్కడ కారింది ట్యాంకు కాదు, ఓడరేవు నుంచి డిపోకు నేల కింద వేసిన భారత్ పెట్రోలియం పైపులైను. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

అమెరికా 1984లో చట్టం చేసి, పాత ట్యాంకులను బాగుచేయడానికో తీసేయడానికో 1998 డిసెంబరు వరకు గడువు పెట్టింది. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాలు కొత్త బంకులు బడులకు, ఆసుపత్రులకు, నివాస ప్రాంతాలకు సాధారణంగా కనీసం 50 మీటర్ల దూరంలో ఉండాలన్నాయి. మంచిదే, కానీ నా దృష్టిలో అసలు దిగులు ఎప్పుడో పాతిన ట్యాంకుల గురించి. ధరల బోర్డు పక్కనే ట్యాంకు వయసూ, చివరిసారి పరీక్షించిన తేదీ రాయించాలి.

మీ బోరు నీటికి పెట్రోలు వాసన వస్తే తాగకండి, మరిగించినా సరే. అగ్గిపుల్ల గీయకండి, మోటారు వేయకండి. వెంటనే అగ్నిమాపక శాఖకు, కాలుష్య నియంత్రణ మండలికి చెప్పండి.