వ్యాయామోపాధ్యాయులకు గురువులెవరు?

పాఠశాలలో ఆటల గంట మ్రోగగానే పిల్లలందరు మైదానమునకు పరుగిడుదురు. పుట్టుకతోనే కాలు వంకరయైన ఒక బాలుడు మాత్రము చెట్టు నీడన కూర్చుండి, తోటివారి చెప్పులకు కాపలా కాయుచుండును. అతనియెడ ఎవరికిని ద్వేషము లేదు. "పాపము, పడిపోవునేమో" యను జాలియే అతనిని ఆటకు దూరము చేసినది. ఈ దృశ్యమును మనలో చూడనివారు అరుదు.

ఇట్టి బాలబాలికలకు తగినట్లు ఆటను, పరికరములను, నియమములను మార్చి నేర్పు శాస్త్రమును అనుకూలిత వ్యాయామ విద్య యందురు. గోల్‌బాల్ దీనికి చక్కని ఉదాహరణము. రెండవ ప్రపంచ యుద్ధములో చూపు కోల్పోయిన సైనికుల కొరకు 1946లో ఈ ఆట రూపొందినది. బంతిలో గజ్జెలుండును, ఇరుపక్షముల ముగ్గురేసి ఆటగాండ్రును కండ్లకు గంతలు కట్టుకొని, శబ్దమును బట్టియే బంతిని అడ్డుకొందురు. కావున ప్రేక్షకులు నిశ్శబ్దముగా ఉండవలెను.

అయితే సదుద్దేశము ఒక్కటియే చాలదు. డౌన్ సిండ్రోమ్ గల పిల్లలలో కొందరికి మెడ ఎముకల పట్టు సడలి యుండును. వైద్య పరీక్ష లేకుండ వారిచేత పిల్లిమొగ్గలు వేయించినచో వెన్నుపాముకే ముప్పు రావచ్చును. ఏది చేయించవలెనో, ఏది చేయించరాదో తెలిసిన ఉపాధ్యాయుడు కావలెను. మరి ఆ ఉపాధ్యాయునికి నేర్పువారెవరు?

ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్త రాష్ట్రములు చూపిన మార్గము గమనింపదగినది. వికలాంగుల వ్యాయామ విద్యకు, వినోద క్రీడలకు కావలసిన సిబ్బంది శిక్షణకై ధనసహాయమొసగు శాసనము అచట 1967లోనే వచ్చినది. పిదప 1975 నవంబరు 29న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకము చేసిన చట్టము, వికలాంగ బాలలందరికి ఉచితమైన, తగిన విద్యను హక్కుగా ప్రసాదించినది. ప్రత్యేక విద్యయనగా ఏమో నిర్వచించుచు, వ్యాయామ విద్యను అందు పేర్కొని చేర్చుట ఆ చట్టపు విశేషము. 1990లో దాని పేరు మారినను ఈ నిబంధన నిలిచినది.

హక్కు కాగితముపై నుండి మైదానమునకు రావలెనన్న శిక్షకులు కావలెను. శిక్షకులను తయారుచేయ విశ్వవిద్యాలయములలో ఆచార్యులు కావలెను. అందుచేతనే ఈ శాఖలో డాక్టరేటు చదువునకు సైతము ప్రభుత్వ ధనము కేటాయింపబడినది. కేంద్ర విద్యాశాఖ విశ్వవిద్యాలయములనుండి ప్రణాళికలను ఆహ్వానించి, పోటీలో ఎన్నికైన వాటికి నిధులొసగును. ఆ నిధులనుండి విశ్వవిద్యాలయము పరిశోధక విద్యార్థికి రుసుములను, జీవనభృతిని సమకూర్చును. విద్యార్థి పరిశోధన చేయుటతో పాటు, వికలాంగ బాలలకు స్వయముగా ఆటలు నేర్పుచు, కాబోవు ఉపాధ్యాయులకు బోధించు అనుభవమును గడించును.

ఈ సహాయము ఊరక లభించునది కాదు. సహాయము పొందిన ప్రతి సంవత్సరమునకు రెండు సంవత్సరముల చొప్పున ఆ రంగములోనే సేవ చేయవలెను. చేయనిచో సొమ్ము తిరిగి చెల్లింపవలెను. నాలుగేండ్లు భృతి పొందినవారు ఎనిమిదేండ్లు సేవకు బద్ధులు. ఒక ఉపాధ్యాయుడు ఒక పాఠశాలకు మేలుచేయును. ఒక ఆచార్యుడు తన జీవితకాలమున అనేక పాఠశాలలకు ఉపాధ్యాయులను పంపగలడు. ప్రజాధనము ఈ లెక్కతోనే వెచ్చింపబడుచున్నది.

మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించి, విద్యాలయములలో ఇతరులతో సమానముగా క్రీడావకాశములు కల్పింపవలెనని శాసించినది. 2024 పారిస్ పారాలింపిక్ క్రీడలలో వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు దీప్తి జీవాంజి, మేధోవైకల్యము గలవారి 400 మీటర్ల పరుగులో కాంస్య పతకమును గెలుచుకొన్నది. ఎవరైనను "నీవు కూడ పరుగెత్తుము" అననిచో ఇట్టి ప్రతిభ వెలుగు చూచుట ఎట్లు?

కళాశాల పాలకవర్గమువారికి మా మనవి యొకటి. వచ్చు క్రీడోత్సవమునందు గజ్జెల బంతితో ఒక్క పోటీనైనను ఏర్పాటు చేయుదురు గాక. విద్యార్థి మిత్రులారా, వ్యాయామ విద్యను వృత్తిగా స్వీకరింపదలచిన వారు ఈ శాఖను గూర్చి కూడ యోచింపుడు. చెప్పులకు కాపలాయున్న బాలుడు మీకొరకే ఎదురుచూచుచున్నాడు.