తొలకరి పదును, కథలోని బిగువు

కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతమున జొన్నగిరి, పగిడిరాయి మొదలగు గ్రామములు కలవు. అచ్చటి నేలలు చాలవరకు ఎర్రమట్టి మెట్టలు. ఏటేట తొలకరి వాన కురియగానే ఆ పొలములలో రెండు పనులు ఒక్కసారిగా మొదలగును. రైతులు గొర్రు కట్టి వేరుశనగ విత్తుటకు బయలుదేరుదురు. ఇరుగుపొరుగు జిల్లాలనుండియు, కర్ణాటకమునుండియు వచ్చిన జనులు అవే పొలములలో తలలు వంచుకొని వజ్రములకొరకు వెదకుచుందురు. వాన పైమన్నును కడిగివేయుటచే చిన్నరాళ్లు బయటపడి మెరయును. ఎవరికో ఒకరికి మేలిరాయి దొరకినదన్న వార్త అప్పుడప్పుడు పత్రికలలో వచ్చుచుండును. రిక్తహస్తములతో ఇల్లు చేరిన వందలమందిని గూర్చి వార్త వచ్చుట అరుదు.

వారిని గూర్చి వ్రాయవలసినది కథకుడు. అట్టి కథ ఎట్లు రూపుదిద్దుకొనునో చూచినచో ఇతివృత్తము, సంఘర్షణ, ఉత్కంఠ అను మాటలకు అర్థము తెలియును.

ఐదెకరముల మెట్టగల ఒక రైతును ఊహించుకొనుడు. అప్పు తెచ్చి కొన్న విత్తనపు గింజలు ఇంటిలో సిద్ధముగా నున్నవి. రాత్రి మంచి వాన కురిసినది. ఎర్రనేలలో పదును నాలుగైదు దినములకంటె నిలువదు. తెల్లవారగానే అతడు ఎద్దులను విప్పక, వజ్రములు దొరకు పొలమువైపు నడచెను. “పదునారిపోతాంది, ఎద్దులు కట్టయ్యా” అని భార్య పలికినది. “ఈ ఒక్కనాడు చూసొస్తా” అని అతడు సమాధానము చెప్పెను.

తరువాత జరిగినదానిని రెండు విధములుగా చెప్పవచ్చును. వాన కురిసినది, రైతు వజ్రములకు పోయెను, పొలము బీడుపడెను. ఇది వృత్తాంతము మాత్రమే. ఒకదాని వెనుక ఒకటి జరిగినది, అంతే. మొదటినాడు పక్కనే వెదకుచున్నవానికి ఒక చిన్నరాయి దొరకెను. అందుచేత ఇతడు రెండవనాడును పోయెను. రెండవనాడు పోవుచుండుటచే, ఖాళీగా నున్న ఎద్దులను పొరుగువాడు అడుగగా మూడు దినములు బాడుగకిచ్చెను. మూడవనాడు మనసు మారి విత్తబోగా ఎద్దులు లేవు. ఇది ఇతివృత్తము. ఇందు ప్రతి సంఘటనయు ముందుదానినుండి పుట్టినది. “ఆ తరువాత” అన్న మాట తీసి “అందుచేత” అన్న మాట పెట్టినను వాక్యము నిలిచినచో ఇతివృత్తము గట్టిగా నున్నదని తెలియవలెను.

ఇక సంఘర్షణ. భార్యాభర్తల వాదము పైకి కనబడు సంఘర్షణ. అసలుది రైతు మనసులో జరుగుచున్నది. కొత్తగా కథలు వ్రాయువారు తరచుగా ఇచ్చటనే తప్పటడుగు వేయుదురు. రైతును వట్టి ఆశపోతుగా చిత్రించి, భార్యను వివేకవతిగా నిలిపి, పాఠకునిచేత నవ్వించి పంపుదురు. కాని రాయలసీమలో విత్తుట మాత్రము నమ్మకమైన పనియా? మొదటి వానకు మొలచిన పైరు రెండవ వాన రాక ఎండిపోయిన సంవత్సరములు ఆ రైతు ఎన్ని చూచియుండును! గింజను నేలలో వేయుటయు ఒక పందెమే. రాయికొరకు వెదకుటయు పందెమే. ఒకదానికి అప్పు పెట్టుబడి, రెండవదానికి ఒక పగటి కష్టము మాత్రమే పెట్టుబడి. ఈ లెక్క అతని తలలో తిరుగుచుండగా, రెండు పనులను తెచ్చిన వాన ఒక్కటే యైనది. అతడు ముందు చేయవలసిన పనిని వెనుకకు నెట్టెను. కాని కారణము లేక నెట్టలేదు. ఆ కారణము పాఠకునకు కొంత న్యాయముగా తోచినప్పుడే సంఘర్షణ బలపడును.

ఉత్కంఠ యనగా ఏదో దాచిపెట్టుట యని పలువురి భావము. దాచకుండగనే ఉత్కంఠ పుట్టించవచ్చును. రష్యా రచయిత టాల్‌స్టాయి 1886లో ప్రకటించిన ఒక కథలో పహోమ్ అను రైతునకు వేయి రూబుళ్లకు ఒక పగలు నడచి చుట్టివచ్చినంత భూమి ఇత్తుమందురు. సూర్యాస్తమయమునకు ముందు బయలుదేరినచోటికి చేరవలెను. చేరనిచో ధనము పోవును. అతడు ఇంకొక పల్లమును, ఇంకొక మలుపును కలుపుకొనుచు పోవుచుండ, పాఠకుని చూపు సూర్యునిమీదనే యుండును. కర్నూలు కథలో సూర్యుని పని పదును చేయును. మొదటినాడు పిడికిట ముద్దగా నిలిచిన మన్ను, మూడవనాడు వ్రేళ్లసందున పొడిగా జారినదని చెప్పిన చాలును. వేరొక హెచ్చరిక అక్కరలేదు.

దాచిపెట్టు పద్ధతియు కలదు. దానికి మన భాషలో గురజాడ అప్పారావు 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో ప్రకటించిన ‘దిద్దుబాటు’ మంచి ఉదాహరణము. చదువుకొన్న గోపాలరావు సభలకు పోవుచున్నానని భార్యకు చెప్పి రాత్రులు ఆటపాటల వేడుకలలో గడపుచుండును. గురజాడ ఆ రాత్రులను వరుసగా వర్ణింపలేదు. కథ అతడు అర్ధరాత్రి దాటి ఇల్లు చేరుటతో మొదలగును. భార్య కమలిని కనబడదు; ఆమె వ్రాసిన ఉత్తరము కనబడును. గడచిన దినముల సంగతి అంతయు ఆ ఉత్తరమే చెప్పును. పుట్టింటికి పోయినదని నమ్మి అతడు పశ్చాత్తాపపడి సేవకుడైన రామునితో మొరపెట్టుకొనుచుండగా మంచము క్రిందనుండి కమలిని నవ్వు వినబడును. పాఠకుడు ఉలిక్కిపడును గాని మోసపోయితినని అనుకొనడు. ఆమె ఊరు దాటినట్లు రచయిత తన మాటగా ఎచ్చటను చెప్పలేదు.

మరి మెట్టరైతు కథ ఎట్లు ముగియవలెను? అతనికి వజ్రము దొరకినచో వినుటకు బాగుండును; కాని అంతవరకు పేర్చిన కారణములన్నియు ఒక్క రాతితో వృథా యగును. పక్కవానికి దొరకిన రాయి కథను ముందుకు నడపినది గనుక ఆ అదృష్టమును పాఠకుడు సహించును. చిక్కు విప్పుటకు వచ్చిన అదృష్టమును సహింపడు. ఏమియు దొరకక, పొలము బీడుపడి, రైతు ఏడ్చినచో అది పాఠకుడు ముందే ఊహించిన ముగింపు. మూడవ దారి యొకటి కలదు. మూడవనాటి సాయంకాలము రైతు అరుగుమీద తలవంచుకొని కూర్చుండును. భార్య గింజల మూటను గడపలో పెట్టి, బాడుగ సొమ్ము కొంగున ముడివేసికొని, ఎద్దులను ఒక్క పూటకు తిరిగి అడుగుటకు పొరుగింటికి పోవును. ఆమె అచ్చటి తలుపు తట్టుచుండగా కథ నిలిచిపోవచ్చును. పొరుగువాడు ఏమనునో, రెండవ వాన వచ్చునో రాదో కథకుడు చెప్పనక్కరలేదు.