మూడు వందల బల్బులు, ఒక క్యూ

డేటా స్ట్రక్చర్స్ క్లాసులో క్యూ అంటే టికెట్ కౌంటర్ ఉదాహరణే చెప్తారు. నాకు మాత్రం ఇప్పుడు క్యూ అనగానే బల్బులు గుర్తొస్తున్నాయి.

రఫాయెల్ లొజానో-హెమ్మర్ అని, మెక్సికోలో పుట్టి కెనడాలో స్థిరపడిన ఆర్టిస్టు, 2006లో 'పల్స్ రూమ్' అనే ఇన్‌స్టలేషన్ చేశాడు. (ఆయన డిగ్రీ ఫిజికల్ కెమిస్ట్రీలో. "ఆర్ట్ మన బ్రాంచి కాదు బ్రో" అనేవాళ్ల కోసం చెప్తున్నా.) చీకటి గది. తల పైన వరుసలుగా 100 నుంచి 300 దాకా పాతకాలపు ఫిలమెంట్ బల్బులు. ఒక పక్కన సెన్సార్ ఉన్న పిడి. దాన్ని పట్టుకుంటే కంప్యూటర్ మీ నాడి కనిపెట్టి, దగ్గరున్న బల్బుని అదే లయలో వెలిగిస్తుంది. చెయ్యి తీయగానే గదంతా ఒక్క క్షణం చీకటి. మళ్లీ వెలుగు వచ్చేసరికి అందరి గుండెలూ ఒక్కో బల్బు ముందుకి జరిగి ఉంటాయి, మీది కూడా వరుసలో చేరుతుంది. చిట్టచివర ఉన్నది పోతుంది. ఎన్‌క్యూ, డీక్యూ. లాజిక్ అంతే!

కానీ చూడ్డానికి అంతే కాదు. ఒకరి గుండె నిమిషానికి 60 సార్లు, పక్కవాళ్లది 90 సార్లు కొట్టుకుంటోంది అనుకోండి. ఒక్కసారి కలిసి వెలిగాయంటే ఆ రెండు బల్బులూ ప్రతి 2 సెకన్లకీ మళ్లీ కలుస్తాయి. అలాంటివి వందల్లో ఉంటే? గది మొత్తం మిణుగురుల చెట్టులా ఉంటుంది. ఎల్‌ఈడీ అయితే టక్కున ఆరిపోతుంది. ఫిలమెంట్ మెల్లగా ఎర్రబడి చల్లారుతుంది, అందుకే అది నిజంగా కొట్టుకుంటున్నట్టు అనిపిస్తుంది. ఈ పనికి ఫిలమెంటే కరెక్ట్ అని నా అభిప్రాయం.

దీనికి ప్రేరణల్లో ఒకటి 'మకారియో' అనే 1960 నాటి మెక్సికన్ సినిమా. అందులో ఒక గుహ నిండా కొవ్వొత్తులు, ఒక్కో మనిషి ప్రాణానికి ఒక్కోటి. మనకిది కొత్తేం కాదు. మా అమ్మమ్మ దీపం ఆరిపోయిందని ఎప్పుడూ అనదు, "కొండెక్కింది" అంటుంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం ఆయనదే ఇంకో పని, 2010 నాటి 'పల్స్ ఇండెక్స్'. అక్కడ నాడితో పాటు వేలిముద్ర కూడా తీసుకుని గోడంత పెద్దగా చూపిస్తారు. కొత్తవాళ్లు వచ్చేకొద్దీ పాత ముద్రలు చిన్నవైపోతూ చివరికి మాయమవుతాయి. మనం రోజూ అటెండెన్స్ మెషిన్ మీద వేలు పెడతాం. నిద్రపోయేటప్పుడు కూడా వాచీకి నాడి ఇస్తాం. వాటిలో డీక్యూ ఎప్పుడు జరుగుతుందో మనలో ఎంతమందికి తెలుసు? ఇక్కడైతే మన ముద్ర వెళ్లిపోవడం మన కళ్ల ముందే జరుగుతుంది, మన వెనక నిలబడ్డ మనిషి చెయ్యి పెట్టిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా.