ప్రశ్నించమన్నాడు... పదవి పోయింది!

పదిహేడేళ్ల కుర్రాడు క్లాసులోకి వచ్చాడు... పాఠం వినడానికి కాదు, చెప్పడానికి! 1826లో కలకత్తా హిందూ కాలేజీలో చేరిన ఆ మేష్టారే హెన్రీ లూయీ వివియన్ డిరోజియో.

ఆయన చెప్పేది ఇంగ్లిషు సాహిత్యం, చరిత్ర. చెప్పే తీరు మాత్రం వేరు. దేన్నీ గుడ్డిగా నమ్మొద్దు, రెండువైపులా ఆలోచించి తేల్చుకోమనేవారు. 1828లో అకడమిక్ అసోసియేషన్ పేరుతో చర్చావేదిక మొదలైంది. కులం, విగ్రహారాధన... అక్కడ అన్నీ చర్చకొచ్చేవి.

కుర్రాళ్లు మాటలతో ఆగితేగా! కొందరు నిషిద్ధమైన మాంసం తిన్నారు. కాళీమాతకు మొక్కమంటే ఒకడు ‘గుడ్‌మార్నింగ్ మేడమ్’ అన్నాడనీ చెప్పుకుంటారు. తల్లిదండ్రులు హడలిపోయారు. పిల్లల్ని కాలేజీ మాన్పించసాగారు.

వింత తీర్మానం

1831 ఏప్రిల్ 23న పాలకమండలి సమావేశమైంది. డిరోజియో పాఠం చెప్పడానికి తగనివాడా? ఎక్కువమంది సభ్యులు ఆ మాట అనలేకపోయారు. అయినా, ఊరు కోపంగా ఉంది కాబట్టి ఆయన్ని పంపేయాలని తీర్మానించారు! ఇది హిందువుల మనోభావాల సంగతంటూ విల్సన్, డేవిడ్ హేర్ ఓటు వేయలేదు. డిరోజియోని పిలిచి సంజాయిషీ అడిగినవారే లేరు. 25న ఆయనే రాజీనామా ఇచ్చేశారు.

మూడు ప్రశ్నలు

ఆ తర్వాత విల్సన్ ఉత్తరం రాసి మూడు సంగతులడిగారు. దేవుణ్ని నమ్ముతారా? తల్లిదండ్రుల మాట వినక్కర్లేదని చెప్పారా? అన్నాచెల్లెళ్లు పెళ్లాడటం తప్పు కాదన్నారా?

మూడోది పచ్చి అబద్ధమన్నారు డిరోజియో. దేవుడి విషయంలో హ్యూమ్ సందేహాలు చెప్పిన మాట నిజమే, వాటికి రీడ్, స్టూవర్ట్ ఇచ్చిన జవాబులూ చెప్పానన్నారు. ఇక రెండోది... తండ్రి పెట్టే బాధలు పడలేక ఇల్లు వదిలేస్తానన్న దక్షిణారంజన్ ముఖర్జీని, కన్నతండ్రి దగ్గర ఓర్చుకోవాలంటూ మొదట ఆపింది తానేనని వివరించారు.

ఆ జవాబుతో కొలువు తిరిగిరాలేదు. అదే ఏడాది డిసెంబరు 26న కలరా ఆయన్ని తీసుకుపోయింది. అప్పటికి వయసు 22 ఏళ్లే!

మరి ‘చెడిపోయిన’ శిష్యులేమయ్యారు? ఇల్లు వదిలిన దక్షిణారంజనే తర్వాత కలకత్తాలో బెథూన్ బాలికల బడికి స్థలమిచ్చాడు. రాధానాథ్ సిక్దార్ ఎవరెస్టు ఎత్తును లెక్కగట్టాడు. ప్యారీచాంద్ మిత్రా బెంగాలీలో తొలితరం నవల రాశాడు. రామతను లాహిరి మేష్టారి బాటలోనే పంతులై పేరు తెచ్చుకున్నాడు.

పాలకమండలి ఊరి కోపాన్ని లెక్కపెట్టింది. ఆ మేష్టారు నేర్పిన చదువు విలువను లెక్కకట్టడానికి మాత్రం కొన్నేళ్లు ఆగాల్సివచ్చింది.